యేసు చెప్పిన ఉపమానాలు: విశ్వాసం, నీతి జీవితం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉపమానాల మీద బైబిలు పఠనం పెట్టుకున్న ప్రతిసారీ కొన్ని సందేహాలు దాదాపు అవే మాటల్లో తిరిగి వస్తుంటాయి. సువార్తలను కొత్తగా చదువుతున్నవారూ, ఏళ్ల తరబడి ఆదివారం తప్పకుండా ప్రసంగం వింటున్నవారూ వాటిని ఒకే విధంగా అడుగుతుండడం వల్ల ఒకచోట చేర్చి రాయవలసివచ్చింది. చదవడం మొదలుపెట్టే దశ నుంచి ఇతరులకు బోధించే దశ వరకు ప్రశ్నలు వరుసలో ఉన్నాయి. అయినా ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది గనుక కావలసిన చోట నుంచి చదువుకోవచ్చు. వాక్యాలను ఎత్తి చూపినచోట తెలుగు సంఘాల్లో ఎక్కువగా వినిపించే పాత అనువాదం మాటలనే వాడాం.

## చదవడం మొదలుపెట్టే ముందు

ఉపమానం అంటే నీతికథే కదా? తేడా ఏముంది?

పంచతంత్రం కథ చివర నీతి ఒక వాక్యంగా తేలుతుంది. ఆ వాక్యం గుర్తుంటే కథ మరచిపోయినా పెద్ద నష్టం లేదు. ఉపమానం పనిచేసే తీరు వేరు. బడిలో అలంకారాలు చదివినవారికి ఉపమేయం, ఉపమానం అనే జంట గుర్తుండే ఉంటుంది: "ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది" అన్నప్పుడు ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం. సువార్తల్లోని 'పరబోలే' అనే గ్రీకు మాటకు కూడా ఒకదాని పక్కన మరొకదాన్ని ఉంచడమనే అర్థం. అయితే యేసు చాలాసార్లు ఉపమానాన్ని మాత్రమే చెప్పి, ఉపమేయాన్ని వెతుక్కునే పని వినేవాడికే వదిలిపెడతాడు. ఆ ఖాళీలో తన జీవితాన్ని పెట్టి చూసుకున్నవాడికే కథ పూర్తవుతుంది. ఈ పద్ధతి ఆయన కంటే పాతది. పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని నాతాను ప్రవక్త చెప్పగా దావీదు రాజు మండిపడి తీర్పు చెప్పేశాడు. "ఆ మనుష్యుడవు నీవే" అని ప్రవక్త అన్న తరువాత గాని ఆ తీర్పు తనమీదే పడిందని అతనికి తెలియలేదు.

మొత్తం ఎన్ని ఉపమానాలు? ఒక్కొక్కరు ఒక్కో లెక్క ఎందుకు చెబుతున్నారు?

లెక్క సాధారణంగా 30 నుంచి 40 మధ్య ఉంటుంది. ఒకే వాక్యంలో ముగిసే పోలికలను కలుపుకుంటే సంఖ్య పెరుగుతుంది, పూర్తి కథలను మాత్రమే తీసుకుంటే తగ్గుతుంది. అవన్నీ మత్తయి, మార్కు, లూకా సువార్తల్లో ఉన్నాయి. యోహాను సువార్తలో మంచి కాపరి, ద్రాక్షావల్లి వంటి పోలికలు ఉన్నా కథగా సాగే ఉపమానం లేదు. మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు, పరిసయ్యుడు–సుంకరి లూకాలో మాత్రమే కనిపిస్తే, పదిమంది కన్యకలు, ద్రాక్షతోట కూలివారు, క్షమించని దాసుడు మత్తయిలో మాత్రమే కనిపిస్తాయి.

ఇవి నిజంగా జరిగిన సంఘటనలా?

ఇవి బోధ కోసం చెప్పిన కథలు. లూకా 16లోని ధనవంతుడు–లాజరు కథ మాత్రం జరిగినదేనని కొందరు నమ్ముతారు, ఎందుకంటే అదే కథలో వచ్చే పితరుడు అబ్రాహామును మినహాయిస్తే, ఉపమానాల్లోని మనుషులలో పేరు ఉన్నవాడు లాజరు ఒక్కడే. అయితే ఆ పేరుకు 'దేవుడే సహాయం' అని అర్థం. ఏ మనిషి సహాయమూ అందని బిచ్చగాడికి ఆ పేరు పెట్టడంలోనే కథ సగం ఉంది. ధనవంతుడికి పేరే లేకపోవడం అంతకంటే గమనించదగినది.

జనానికి అర్థం కావాలని ఉపమానాలు చెప్పాడా, అర్థం కాకూడదని చెప్పాడా?

మార్కు 4లో "వెలుపలనుండువారికి" అన్నీ ఉపమాన రీతిగా చెప్పబడుతున్నాయని, వారు చూచియు కనుగొనకుండునట్లు అలా జరుగుతున్నదని యేసు అంటాడు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆ మాటలు యెషయా 6లోవి. ప్రవక్తను పంపుతున్నప్పుడే, వినేవారు మొండికేస్తారన్న బాధతో పలికినవి. ఇదే సందర్భంలో మత్తయి "చూచియు చూడరు గనుక" అన్న దిశలో రాస్తాడు. అంటే మూసుకున్న కళ్లను ఆయన కారణంగా చూపుతాడు. కథ వినడం ఎవరికైనా తేలికే, కథకు లోబడటం అందరికీ తేలిక కాదు. పైగా తమకు అర్థం కాలేదని దగ్గరకు వచ్చి అడిగిన శిష్యులకు ఆయన విడమరచి చెప్పాడు. లోపలివారికీ వెలుపలివారికీ మధ్య గీత తెలివితేటల దగ్గర పడలేదు, అడిగారా లేదా అన్నదాని దగ్గర పడిందని మా అభిప్రాయం.

## చదువుతున్నప్పుడు

ఉపమానంలోని ప్రతి చిన్న వివరానికీ ఒక రహస్యార్థం ఉంటుందా?

ప్రాచీన సంఘంలో చాలామంది అలాగే చదివారు. సమరయుని కథలో యెరూషలేము పరలోక పట్టణమనీ, గాయపడినవాడు ఆదామనీ, పూటకూళ్ల ఇల్లు సంఘమనీ, దాన్ని నడిపేవాడు పౌలనీ బిషప్పు అగస్టీను వివరించాడు. ఆ వివరణలో భక్తి ఉంది, ఊహాశక్తి ఉంది. కాని నా పొరుగువాడెవడు అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికి అది జవాబు కాదు. మరోవైపు ప్రతి ఉపమానానికీ ఒకే ఒక్క భావం ఉంటుందని బిగించడం కూడా కుదరదు, ఎందుకంటే విత్తువాడు, గురుగులు అనే రెండు ఉపమానాలను యేసే వివరం వెంట వివరంగా విప్పి చెప్పాడు. ఆ కథ ఎవరితో, ఏ ప్రశ్నకు జవాబుగా చెప్పబడిందో ముందు చూడాలి. మనం చెప్పే అర్థం ఆ మొదటి శ్రోతకు ఏ విధంగానూ తగలకపోతే అది మన కల్పనే కావచ్చు.

తలాంతు, దేనారము, తూము, కుంచము అంటే ఎంత?

దేనారము ఒక రోజు కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట కూలివారితో కుదిరిన బేరం అదే. తలాంతు నిజానికి ఒక తూకం. వెండిలో లెక్కిస్తే సుమారు 6000 దేనారములు, అంటే ఒక కూలివాడి ఇరవై ఏళ్ల సంపాదన. కాబట్టి ఒక్క తలాంతు అందుకున్న దాసుడు పేదవాడేమీ కాడు, భూమిలో అతను పాతిపెట్టినది పెద్ద సొత్తు. తెలుగు సంఘాల్లో "ఆయనకు పాటలు పాడే తలాంతు ఉంది" అన్న వాడుక ఈ ఉపమానం నుంచే వచ్చింది. అది అందమైన వాడుకే గాని, కథలోని బరువును కొంత తగ్గించింది. కుంచము, తూము, మణుగు మాత్రం మన కొలతలే. అనువాదకులు పరాయి కొలతల స్థానంలో వాటిని పెట్టారు. పుల్లని పిండిని స్త్రీ దాచిపెట్టిన మూడు కుంచముల పిండి ఒక పూట వంటకు కాదు, పెద్ద విందుకు సరిపోతుంది.

## విశ్వాసం గురించి

ఆవగింజంత విశ్వాసం చాలంటే, నా విశ్వాసం తక్కువైనా ఫర్వాలేదా?

ఇక్కడ రెండు వేర్వేరు మాటలు కలిసిపోతుంటాయి. ఆవగింజంత విశ్వాసముంటే కొండతో "ఇక్కడనుండి అక్కడికి పొమ్మని" చెప్పవచ్చునన్నది మత్తయి 17లోని మాట. పరలోకరాజ్యం ఆవగింజను పోలియున్నదన్నది మత్తయి 13లోని ఉపమానం. మొదటిదానిలో నమ్మేవాడి బలం కంటే నమ్మబడినవాడి బలం ముఖ్యం, కనుక విశ్వాసాన్ని తూచుకుంటూ కుంగిపోవలసిన పని లేదు. రెండవదానిలో విషయం ఎదుగుదల. ఆవాలు మనకు పోపులపెట్టెలో చిటికెడుగా పరిచయం గనుక పక్షులు వచ్చి కొమ్మలలో నివసించాయంటే విచిత్రంగా తోస్తుంది. గలిలయ ప్రాంతంలో పెరిగే నల్ల ఆవ మొక్క మనిషిని మించి ఎత్తు పెరుగుతుంది. అయినా అది దేవదారు కాదు. ప్రవక్తలు మహారాజ్యాన్ని దేవదారుతో పోల్చిన చోట యేసు పెరటి మొక్కను ఎంచుకున్నాడు.

నా హృదయం రాతినేల అని అనిపిస్తోంది. ఇక మార్పు ఉండదా?

విత్తువాని ఉపమానంలో నాలుగు చోట్ల గింజలు పడతాయి: త్రోవ ప్రక్క, మన్ను లేని రాతినేల, ముండ్ల పొదలు, మంచి నేల. ఆ దేశపు గుట్టల మీద పలుచని మట్టి పొర కింద సున్నపురాయి ఉంటుంది. అక్కడ పడిన విత్తనం త్వరగా మొలుస్తుంది, కాని వేరు దిగే చోటు ఉండదు. దీనిని ఎవరి నేల ఏదో తేల్చే జాతకంలా చదివినవారికి నిరాశ కలుగుతుంది. యేసు వివరణలో నేలలు వినే తీరులకు గుర్తులు, మనుషుల జాతులకు కావు. ఒకే మనిషి ప్రార్థన విషయంలో మంచి నేలగా, డబ్బు విషయంలో ముళ్లపొదగా ఉండవచ్చు. ముళ్లంటే "ఐహికవిచారమును ధనమోసమును" అని ఆయనే చెప్పాడు. ఇది చెడ్డవారికంటే బాధ్యతగల గృహస్థులకు ఎక్కువగా వచ్చే చిక్కు. సేద్యం తెలిసిన వారెవరూ రాయి తీయని, ముళ్లు కొట్టని పొలాన్ని ఊహించలేరు కూడా. మంచి నేల సైతం ఒకే విధంగా పండదు: నూరంతలు, అరువదంతలు, ముప్పదంతలు. ముప్పదంతల నేలను యేసు తక్కువచేసి మాట్లాడలేదు, సంఘంలో మనమే అలా మాట్లాడుతుంటాం. లూకా ఇదే కథ వివరణను "ఓపికతో ఫలించు" వారి ప్రస్తావనతో ముగిస్తాడు, కాబట్టి నేల ఎలాంటిదో ఒక్క కారులో తేలదు.

జవాబు రాకపోయినా ప్రార్థిస్తూ ఉండడమంటే దేవుణ్ణి విసిగించడమా?

లూకా 18లో దేవునికి భయపడని, మనుష్యులను లక్ష్యపెట్టని న్యాయాధిపతి ఒక విధవరాలి గోల భరించలేక ఆమెకు న్యాయం తీరుస్తాడు. దేవుడు ఆ న్యాయాధిపతిలాంటివాడని కథ చెప్పడం లేదు. అంతటి అన్యాయస్థుడే కదిలితే తాను ఏర్పరచుకొన్నవారి మొర దేవుడు వినకుండా ఉంటాడా అన్నది వాదన. ఆ విధవరాలు కోరినది సౌఖ్యం కాదు, న్యాయం. కోర్టు గుమ్మం చుట్టూ తిరిగినవారికి ఆమె పట్టుదల ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. చివర యేసు హామీతో ఆగకుండా, మనుష్యకుమారుడు (అంటే తానే) వచ్చినప్పుడు భూమి మీద విశ్వాసం కనుగొంటాడా అని అడుగుతాడు. ప్రార్థన ఆగిపోకపోవడాన్నే ఆయన అక్కడ విశ్వాసం అంటున్నాడు.

బుద్ధిగల కన్యకలు నూనె పంచుకోకపోవడం స్వార్థం కాదా?

దివిటీలతో పెండ్లికుమారుణ్ణి ఎదుర్కొనడానికి వెళ్లిన పదిమంది కన్యకల కథ ఇది. అతను ఆలస్యం చేయగా పదిమందీ నిద్రపోయారు, కనుక నిద్ర తప్పు కాదు. తేడా సిద్దెలలో (నూనె పాత్రలలో) నూనె తెచ్చుకోవడంలో ఉంది. ఇది దానం గురించిన కథ కాదు. ఒకరి సిద్ధపాటు మరొకరికి అప్పివ్వడం కుదరదని చెప్పే కథ. తల్లి ప్రార్థనాపరురాలు అయినంత మాత్రాన కొడుకు దివిటీ వెలగదు.

## నీతి జీవితం గురించి

మంచి సమరయుని కథలో కొత్తేముంది? అందరికీ సాయం చేయమనే కదా?

కష్టంలో ఉన్నవారికి సాయపడాలని ధర్మశాస్త్రోపదేశకుడికి ముందే తెలుసు. అతను అడిగినది తన బాధ్యత ఎక్కడితో ముగుస్తుందని. యెరూషలేము నుంచి యెరికోకు దారి సుమారు 1000 మీటర్లు దిగుతుంది, ఎడారి కొండల మధ్య దొంగలకు అనువైన దారి. అక్కడ దొంగలు కొట్టి కొనప్రాణంతో విడిచిన మనిషిని చూసిన యాజకుడు, శవాన్ని ముట్టితే అపవిత్రుడవుతానని తప్పుకున్నాడని కొందరు సమర్థిస్తారు. కాని కథలో అతను ఆలయం నుంచి దిగి వెళ్తున్నాడు, ఆలయానికి వెళ్లడం లేదు. యాజకుడు, లేవీయుడు (ఆలయ సేవకుడు) దాటిపోయాక మూడవవాడిగా సామాన్య యూదుడు వస్తాడని శ్రోతలు ఎదురుచూసి ఉంటారు, వచ్చినవాడు సమరయుడు. గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని యూదుల పాలకుడు యోహాను హిర్కాను నాశనం చేయించి అప్పటికి ఒక శతాబ్దం దాటింది, పగ చల్లారలేదు. ఇదే సువార్తలో ఒక అధ్యాయం ముందే సమరయుల గ్రామమొకటి యేసును చేర్చుకోలేదు.

సమరయుడు చేసిన పనులన్నీ చేతులతో, డబ్బుతో, సమయంతో చేసినవి. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంట్లో చేర్చి రాత్రంతా చూసుకున్నాడు, మరునాడు రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. కథ ముగిసేసరికి ప్రశ్న తలకిందులైంది: నా పొరుగువాడెవడు అన్నది పోయి, వీరిలో ఎవడు పొరుగువాడయ్యాడన్నది మిగిలింది. జవాబు చెప్పవలసినవాడికి 'సమరయుడు' అనే మాట నోట రాలేదు; "అతనిమీద జాలిపడినవాడే" అన్నాడు. మన ఊళ్లలో ఈ కథ చెప్పేటప్పుడు సమరయుడి స్థానంలో మనకు నచ్చిన దాతను నిలబెడుతుంటాం. మనం నీళ్లు పుచ్చుకోవడానికి సందేహించే మనిషిని నిలబెట్టి చెబితే గాని మొదటి శ్రోతల ఇబ్బంది మనకు తెలియదు.

రోజంతా ఎండలో పనిచేసినవాడికీ గంట పనిచేసినవాడికీ ఒకే కూలి ఇవ్వడం అన్యాయం కాదా?

కార్మిక చట్టంగా చదివితే అన్యాయంగానే కనిపిస్తుంది. అయితే ఉదయం కుదిరినవారికి బేరం ప్రకారం దేనారము ముట్టింది, ఒక్క కాసు తగ్గలేదు. సాయంత్రం దాకా సంతవీధిలో నిలబడ్డవారిని యజమాని కారణం అడిగితే, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు" అన్నారు. వారు సోమరులని కథ అనలేదు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, పని దొరక్క మధ్యాహ్నానికి ఖాళీ టిఫిన్ క్యారియరుతో ఇంటిదారి పట్టే కూలీలను చూసినవారికి ఆ మాట వెంటనే అర్థమవుతుంది. గంట కూలితో ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. యజమాని చివరి ప్రశ్నను తెలుగు అనువాదకులు "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అని రాశారు. మూలంలో 'నీ కన్ను చెడ్డదా' అని ఉన్నచోట ఇంత తెలుగైన మాట దొరకడం ఆ అనువాదపు గొప్పతనం. ముందు నుంచి భక్తిగా ఉన్నవారికి, నిన్న మారుమనస్సు పొందినవాడు తమతో సమానమైనప్పుడు కలిగే మంట ఈ కథకు ఉపమేయం.

తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు చేసిన తప్పేమిటి?

ఆస్తి పాడుచేసి తిరిగి వచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేశాడని పెద్దకొడుకు కోపగించి లోపలికి రాలేదు. అతను ఆస్తి పాడుచేయలేదు, ఇల్లు విడవలేదు, ఆజ్ఞ మీరలేదు. అందుకే మంచి కుటుంబాల్లో పెరిగినవారికి అతని పక్షం న్యాయమనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండం 21 ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్లు. తమ్ముడు తన వంతు తీసుకుపోయాడు గనుక మిగిలినదంతా అన్నదే, క్రొవ్విన దూడతో సహా. అతని తప్పు అతని మాటల్లోనే బయటపడుతుంది. ఇన్ని ఏళ్లుగా నిన్ను సేవించుచున్నానని అంటాడు. ఆ గ్రీకు క్రియ దాస్యానికి వాడేది. అంటే కొడుకుగా ఉంటూ జీతగాడిలా లెక్క రాసుకున్నాడు. 'నా తమ్ముడు' అనలేక "నీ కుమారుడు" అంటే, తండ్రి "నీ తమ్ముడు" అని మాట సరిదిద్దుతాడు. చిన్నవాడి కోసం పరుగెత్తిన తండ్రి పెద్దవాడి కోసం కూడా విందు వదిలి బయటికి వచ్చాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు. పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని యేసు మీద సణిగిన పరిసయ్యులు, శాస్త్రులు ఎదురుగా ఉన్నారు. ముగింపు వారి చేతిలో పెట్టబడింది.

మోసం చేసిన గృహనిర్వాహకుణ్ణి యజమాని మెచ్చుకోవడం ఏమిటి?

ఉద్యోగం పోతుందని తెలిసి అతను నూరు మణుగుల నూనె బాకీని యాభైకి, నూరు తూముల గోధుమల బాకీని ఎనభైకి తగ్గించి రాయించాడు. యజమాని మెచ్చినది అతని యుక్తిని. అతణ్ణి కథలోనే "అన్యాయస్థుడు" అన్నారు. తన గడువు ముగుస్తోందని గ్రహించి చేతిలో ఉన్న సొమ్మును మనుషుల కోసం వాడటంలో అతనికున్న తొందర భక్తులకు ఉండదేమని యేసు బాధ. చిట్టాలు దిద్దడానికి ఈ వాక్యాన్ని ఎవరైనా ఆధారం చేసుకుంటే, వెంటనే వచ్చే "మిక్కిలి కొంచెములో నమ్మకముగా" ఉండమనే మాటను చదివి వినిపించాలి.

క్షమించమంటున్నారు సరే, వాడు మళ్లీ మళ్లీ అదే చేస్తుంటే ఎలా?

ఏడు మార్లు చాలా అని పేతురు అడిగినందుకు యేసు డెబ్బది ఏళ్ల మారుల (అంటే ఏడేసి డెబ్బై సార్లు) మాట చెప్పి, మత్తయి 18లోని దాసుడి కథ చెప్పాడు. అతను రాజుకు అచ్చియున్నది పదివేల తలాంతులు, అంటే సుమారు 6 కోట్ల రోజుల కూలి. "నీకు అంతయు చెల్లింతును" అని అతను వేడుకోవడమే హాస్యాస్పదం. అది రద్దయి బయటికి రాగానే తనకు నూరు దేనారములు బాకీపడ్డ తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. నూరు రోజుల కూలి చిన్న మొత్తం కాదు. మనకు జరిగిన అన్యాయం నిజమైనదేనని కథ ఒప్పుకుంటుంది. ఆరు లక్షల రెట్ల బాకీ పక్కన పెట్టి చూడమంటుంది, అంతే. దీనితో పాటు ఒక జాగ్రత్త అవసరం: ఇదే అధ్యాయంలో తప్పు చేసిన సహోదరుణ్ణి నిలదీసే పద్ధతి, అతను వినకపోతే సంఘానికి తెలియజేసే పద్ధతి ఉన్నాయి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీని నోరు మూసుకుని ఉండమనడానికి ఈ ఉపమానాన్ని వాడేవారు ఆ అధ్యాయాన్ని సగమే చదివినట్టు.

ధనవంతుడిగా ఉండటమే పాపమా?

లూకా 12లోని ధనవంతుడు దొంగ కాడు, పంట బాగా పండినవాడు. అతని ఆలోచనంతా నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణం అంటూ సాగుతుంది, మరో మనిషి అందులోకి రాడు. లూకా 16లోని ధనవంతుడు లాజరును కొట్టలేదు, తరిమివేయలేదు. రోజూ వాకిట్లో దాటుకుంటూ వెళ్లాడు. ఈ రెండు కథల్లోనూ తీర్పు ఆస్తిపత్రాన్ని చూసి రాలేదు, ఆ మనిషి కంటికి ఎవరు ఆనలేదో చూసి వచ్చింది.

## ఇతరులకు బోధించేటప్పుడు

పరిసయ్యులందరూ వేషధారులని పిల్లలకు చెప్పవచ్చా?

చెప్పకపోవడమే మంచిది. పరిసయ్యులు ధర్మశాస్త్రాన్ని రోజువారీ బతుకులోకి తేవాలని శ్రమించిన, జనం గౌరవించిన భక్తులు. లూకా 18లోని పరిసయ్యుడు వారానికి రెండుమార్లు ఉపవాసం చేసి, సంపాదనంతటిలో పదియవ వంతు ఇచ్చేవాడు; మన సంఘాల్లో అలాంటివాణ్ణి పెద్దగా ఎన్నుకుంటారు. రోమా ప్రభుత్వం కోసం సుంకాలు వసూలు చేసే సుంకరిని జనం అసహ్యించుకోవడానికి కారణం ఉంది. ఈ రెండూ తెలిస్తేనే సుంకరి నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లాడన్న మాటలో పదును తెలుస్తుంది. లేకపోతే పాఠం అయ్యాక పిల్లలు "మేము ఆ పరిసయ్యుడిలాంటివాళ్లం కాము" అని సంతోషంగా ఇంటికి పోతారు.

సండే స్కూలులో ఏ ఉపమానంతో మొదలుపెట్టాలి?

తప్పిపోయిన గొఱ్ఱెతో మొదలుపెట్టవచ్చు. నూరింటిలో ఒకటి తగ్గిందంటే చిన్న పిల్లలకూ లెక్క అందుతుంది. బండమీద, ఇసుకమీద కట్టిన ఇళ్ల కథను ఇసుక పళ్లెంలో నీళ్లు పోసి చూపించవచ్చు. పదేళ్లు దాటినవారికి ద్రాక్షతోట కూలివారి కథ చెప్పి, ఎవరికి ఎంత ఇవ్వాలో కథ సగంలో ఆపి వారినే తేల్చమంటే తరగతి రెండు పక్షాలుగా చీలుతుంది. అప్పుడు ఉపాధ్యాయుడు తొందరపడి తీర్పు చెప్పకూడదు.

పెద్దల తరగతిలో ఉపమానాన్ని ఎలా చదివించాలి?

ముందు వ్యాఖ్యానం లేకుండా రెండుసార్లు బిగ్గరగా చదివించండి. రెండవసారి చదివే గొంతు వేరొకరిది కావాలి. తరువాత కథలోని ఒక్కొక్క పాత్రను ఒక్కొక్కరికి అప్పగించి, ఆ పాత్ర వైపు నుంచి జరిగినది చెప్పమనండి. పెద్దకొడుకు పాత్రను సంఘంలో ఎక్కువ కాలంగా పనిచేస్తున్నవారికి ఇస్తే చర్చ దానంతటదే నడుస్తుంది. ఒకసారి కూర్చున్నప్పుడు ఒక ఉపమానం చాలు. మత్తయి 13ను ఒక్క గంటలో ముగించాలని చూసిన తరగతుల్లో ఏడు పేర్లు తప్ప ఏమీ మిగలలేదు.